హోమ్ థియేటర్ పీసీకి ఒక్కటే రిమోట్: ఏది తీసుకోవాలి, ఏది వద్దు

నల్లగొండలో మా ఇంటి హాల్లో టీవీ, కేబుల్ వాళ్ల సెట్ టాప్ బాక్స్, సౌండ్ కోసం ఏవీ రిసీవర్, సినిమాలు దాచుకున్న ఒక చిన్న పీసీ ఉన్నయి. పీసీలో కోడి (Kodi) అనే, సినిమాలు చూపించే సాఫ్ట్‌వేర్ నడుస్తది. మొన్నటిదాకా టీపాయ్ మీద మూడు రిమోట్లు, ఒక కీబోర్డు పరుచుకొని ఉండేవి. నా ఉద్యోగం పాలమూరులో, శనివారం సాయంత్రమే ఇంటికి వస్తా. ఒకరోజు రాత్రి ఏడున్నరకు అమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, టీవీ అంతా నీలం అయింది. ఇంగ్లీషుల ఏందో రాసొచ్చింది. ఎంత ఒత్తినా పోతలేదు."

"ఏ రిమోట్ పట్టుకున్నవమ్మా?"

"నల్లదిరా."

మూడూ నల్లవే. పొడుగుదా, పొట్టిదా, మీద ఎర్ర బటన్ ఉన్నదా లేదా అని అడుక్కుంటూ పోతే ఇరవై నిమిషాలు పట్టింది. జరిగింది చాలా చిన్నది. సౌండ్ పెంచబోయి పక్కనున్న సోర్స్ బటన్ ఒత్తింది, టీవీ వేరే హెచ్‌డీఎంఐకి పోయింది. సరిచేసేసరికి సీరియల్ అయిపోయింది. "పోనీలే బిడ్డా, పొద్దుగాల మళ్ల ఏస్తరు" అన్నది. ఆ మాట నాకు మస్తు గుచ్చుకుంది. తన ఇంట్లో, తన టీవీ ముందు కూర్చొని, కొడుకు ఫోన్ ఎత్తితే తప్ప ఏమీ చూడలేని పరిస్థితి నేను తెచ్చిపెట్టిన.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఒక్కొక్కటే కొని, అడిగి తెచ్చుకొని, విప్పి, నేర్పించి చూసిన. ముందే నా తీర్పు చెప్తా, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగొచ్చు. పీసీ ఉన్న హాలుకు సరిపోయేది నిజమైన బటన్లున్న లెర్నింగ్ రిమోట్ (పాత రిమోట్ల సిగ్నళ్లు నేర్చుకునేది), దానికి తోడు పీసీకి రిమోట్ వెలుగును వినే ఒక యూఎస్‌బీ ఐఆర్ రిసీవర్. పీసీ బదులు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు వాడేవాళ్లు ఏమీ కొనకముందు టీవీలో సీఈసీ అనే సౌకర్యం ఆన్ చేసి చూడండి, టీవీ రిమోటే సరిపోవచ్చు. పీసీలో కోడి కాకుండా బ్రౌజర్లోనే అన్నీ చూసేవాళ్లకు మాత్రం గాల్లో తిప్పే ఎయిర్ మౌస్ మేలు.

ముందు పెట్టెలను పరీక్ష చేయండి

అట్ట మీద "వెయ్యి కంపెనీలకు పనిచేస్తది" అని రాసి ఉన్నదా అని చూడటం కాదు. మీ ఇంట్లో ఏ పెట్టె ఏ మాట వింటదో తెలుసుకోవాలి. కొన్ని ఐఆర్ వింటయి, అంటే కంటికి కనపడని ఎర్ర వెలుగు. కొన్ని బ్లూటూత్ వింటయి. కొన్ని హెచ్‌డీఎంఐ తీగ ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటయి, దాన్ని సీఈసీ అంటరు. మామూలు పీసీ ఐఆర్ గానీ సీఈసీ గానీ వినదు. దానికి ఐఆర్ వినే చెవి మనమే పెట్టాలి.

పరీక్షకు ఖర్చేం లేదు. హాల్లో లైట్ తీసేసి, ఫోన్ కెమెరా తెరిచి, రిమోట్ ముందు భాగం కెమెరాకు చూపించి బటన్ ఒత్తండి. తెరమీద ఊదారంగు చుక్క మిణుకుమంటే అది ఐఆర్. వెనక కెమెరాలో కనపడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి, చాలా ఫోన్లలో వెనక కెమెరాకు ఐఆర్‌ని ఆపే ఫిల్టర్ ఉంటది. ఒక్క బటన్‌తో ఆగకుండా బాణం గుర్తులు, సౌండ్, పవర్ అన్నీ ఒత్తి చూడండి. ఫైర్ టీవీ స్టిక్ రిమోట్‌లో సౌండ్ బటన్ ఒత్తితే వెలుగు కనపడొచ్చు, బాణం ఒత్తితే కనపడదు. ఎందుకంటే సౌండ్ టీవీకి ఐఆర్‌లో పోతది, మిగతావి స్టిక్‌కి బ్లూటూత్‌లో పోతయి. స్టిక్‌లో ఐఆర్ రిసీవరే లేదు. ఐఆర్ రిమోట్ ఎంత ఖరీదైనది తెచ్చినా దానికి నేరుగా వినపడదు. ఈ సంగతి తెలియక డబ్బులు పోగొట్టుకున్నవాళ్లను చూసిన. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే కొన్ని బాక్సుల రిమోట్లు కూడా ఇట్లనే సగం సగం ఉంటయి.

ఒక కాగితం మీద పెట్టె పేరు, దాని ఎదురుగా ఐఆరా, బ్లూటూతా రాసుకోండి. మా ఇంట్లో టీవీ ఐఆర్, కేబుల్ బాక్స్ ఐఆర్, రిసీవర్ ఐఆర్ అని తేలింది. ఇగ మిగిలింది పీసీ ఒక్కటే.

పీసీకి చెవి

దీనికి నేను చూసినంతలో మంచిది ఫ్లర్క్ అనే చిన్న యూఎస్‌బీ ముక్క. ఏ ఐఆర్ రిమోట్ బటన్ అయినా దానికి నేర్పించొచ్చు. "ఈ సిగ్నల్ వస్తే ఈ కీ ఒత్తినట్టు" అని ఒక్కసారి చెప్తే, అది ఆ ముక్కలోనే దాచుకుంటది. తర్వాత పీసీకి అదొక కీబోర్డులాగనే కనపడతది, డ్రైవర్ల పంచాయితీ లేదు. విండోస్ తీసేసి లైనక్స్ వేసినా, ఆ ముక్కను వేరే పీసీకి పెట్టినా నేర్చుకున్నది మరిచిపోదు. చిక్కల్లా అది మన ఊర్లల్లో దుకాణాల్లో దొరకకపోవడమే, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

చేతిలో కొంచెం పని ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి పోతే టీఎస్‌ఓపీ 1738 అనే మూడు కాళ్ల ఐఆర్ సెన్సర్ దొరుకతది. ఆ పేరు చివరి 38 అంటే 38 కిలోహెర్ట్జ్, ఎక్కువ రిమోట్లు ఆ వేగంతోనే వెలుగును మిణికిస్తయి. ఏటీమెగా 32యూ4 చిప్ ఉన్న ఆర్డుయినో ప్రో మైక్రో అనే, మనమే కోడ్ రాసుకునే చిన్న బోర్డుకి ఆ సెన్సర్ కలిపితే, ఆ బోర్డు కూడా పీసీకి కీబోర్డులాగనే కనపడతది. మామూలు ఊనో బోర్డుతో ఆ పని నేరుగా కాదు, కొనేటప్పుడు చిప్ పేరు చూసుకోండి. సెన్సర్ కాళ్ల వరస మోడల్‌ని బట్టి మారుతది, డేటాషీట్ (కంపెనీ ఇచ్చే వివరాల కాగితం) చూడకుండా కరెంటు ఇయ్యొద్దు. ఆ గల్లీకి పోవాలంటే, ఎల్బీనగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దగ్గర దిగి నడిచిపోవచ్చు. నేను మొదట ఆ బోర్డుతోనే చేసిన, ఆరు నెలలు వాడిన. కోడ్ రాయడం, కొత్త బటన్ కావాలంటే మళ్లీ బోర్డుకి ఎక్కించడం, ఇవన్నీ నేను ఇంట్లో ఉంటేనే అయ్యే పనులు. అందుకే ఫ్లర్క్‌కి మారిన.

పాతకాలంలో విండోస్ మీడియా సెంటర్‌తో వచ్చిన రిమోట్, రిసీవర్ జతలు ఇప్పటికీ పాత సామాన్లలో కనపడతయి. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు మీడియా సెంటర్‌ని తీసేసినరు. లైనక్స్ వాడేవాళ్లకు అవి ఇంకా పనికొస్తయి, విండోస్ వాళ్లు వాటి జోలికి పోకపోవడమే మేలు.

నేర్పించేటప్పుడు ఒక్క జాగ్రత్త. పీసీ కోసం వాడే సిగ్నళ్లు ఇంట్లో ఇంకే పెట్టెకూ అర్థం కాకూడదు. మీ టీవీ రిమోట్ బాణాలనే ఫ్లర్క్‌కి నేర్పిస్తే, సినిమా మధ్యలో బాణం ఒత్తినప్పుడల్లా టీవీ మెనూ కూడా కదులుతది. మీ ఇంట్లో లేని కంపెనీ రిమోట్ ఏదైనా ఒకటి పట్టుకొచ్చి దాని సిగ్నళ్లు వాడండి. నేను మా చిన్నాయన ఇంట్లో పాడైన డీవీడీ ప్లేయర్ రిమోట్ తెచ్చుకున్న. ప్లేయర్ ఎప్పుడో పాత సామాన్లోనికి పోయింది, రిమోట్ మాత్రం ఇప్పటికీ మా పీసీని నడుపుతది.

కోడిలో ఏ కీ ఏం చేస్తదో తెలిస్తే పని తొందరగా అయితది. బాణాలు, ఎంటర్ మామూలే. బ్యాక్‌స్పేస్ వెనక్కి, స్పేస్ అంటే ఆపు లేదా నడుపు, ఎక్స్ అంటే పూర్తిగా బందు, టీ అక్షరం సబ్‌టైటిల్స్‌కి, ఐ వివరాలకు, సీ మెనూకు. ఈ పది పన్నెండు కీలు చాలు. ముప్ఫై నలభై నేర్పించి రిమోట్ నింపితే వాడేటోళ్లకే తికమక.

చేతిలోకి ఏ రిమోట్

బజార్లో రెండు మూడు వందలకు దొరికే కోడ్ లిస్టు రిమోట్లు (లిస్టు చూసి కంపెనీ కోడ్ కొట్టేవి), నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ చుట్టుపక్కల అడిగినా, మహబూబ్‌నగర్‌లో అడిగినా మొదట అవే చేతికిస్తరు. పోయిన రిమోట్‌కి బదులుగా అయితే మంచివే. మూడు నాలుగు పెట్టెలకు పనికిరావు. లిస్టులో ఉన్న కోడ్‌తో పవర్, సౌండ్, చానల్ పనిచేస్తయి గానీ రిసీవర్ ఇన్‌పుట్ మార్చే బటన్ పనిచేయదు. మనకు కావాల్సింది సరిగ్గా ఆ బటనే.

లెర్నింగ్ రిమోట్ అంటే పాత రిమోట్ సిగ్నల్‌ని చూసి నేర్చుకునేది. చున్‌ఘాప్ లాంటివి ఆన్‌లైన్‌లో కొన్ని వందల్లోనే ఉంటయి. దానికి కంపెనీ పేరుతో పని లేదు. ఫ్యాన్ రిమోట్ అయినా, పేరు లేని సౌండ్ బాక్స్ రిమోట్ అయినా, ఐఆర్ అయితే నేర్చుకుంటది. దీన్ని సరిగ్గా వాడుకునే పద్ధతి చాలామందికి తెలియదు, అందుకే కింద విడిగా రాస్తున్న.

ఎయిర్ మౌస్ నేను మొట్టమొదట కొన్నది. చేతిలో తిప్పితే తెరమీద బాణం తిరుగుతది, వెనక వైపు చిన్న కీబోర్డు ఉంటది. యూట్యూబ్‌లో పేరు టైప్ చేయాలన్నా, బ్రౌజర్లో అడ్డమొచ్చిన డబ్బా మూయాలన్నా దానంత సుఖం ఇంకోటి లేదు. కానీ మా నాయిన చేతికి వణుకు ఉంది. ఆయన పట్టుకుంటే బాణం ఒక్కచోట నిలబడదు. ఒత్తుదామనుకునేలోపు పక్కకు జరుగతది. రెండు రోజులు ప్రయత్నం చేసి, మాట మాట్లాడకుండా టీపాయ్ మీద పెట్టేసిండు, మళ్లీ ముట్టలేదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే కొనేముందు ఎవరిదైనా అడిగి తెచ్చి వాళ్ల చేతిలో పెట్టి చూడండి. ఇంకో సంగతి, దీని డాంగుల్ (పీసీకి పెట్టే చిన్న యూఎస్‌బీ ముక్క) 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తది, యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి అదే బ్యాండ్‌లో రొద వస్తది. బాణం తడబడుతుంటే డాంగుల్‌ని యూఎస్‌బీ 2 పోర్టుకి మార్చి, చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో పీసీకి దూరంగా పెట్టండి. టీవీని, రిసీవర్‌ని అది పూర్తిగా నడపలేదు. ఎక్కువ మోడళ్లలో పవర్ లాంటి ఒకటి రెండు బటన్లే ఐఆర్ నేర్చుకుంటయి.

ఫోన్ సంగతి. కోడి వాళ్ల సొంత యాప్ కోర్, ఇంకా యాట్సే, రెండూ బాగుంటయి. కోడి సెట్టింగుల్లో సర్వీసెస్ లోపల హెచ్‌టీటీపీ ద్వారా కంట్రోల్ ఆన్ చేస్తే చాలు, మామూలుగా 8080 పోర్టు. సినిమా పేరు వెతకడానికి ఫోన్ మీద టైప్ చేయడం నాకు ఇష్టం. కొన్ని షావోమీ ఫోన్లకు మీద ఐఆర్ కన్ను కూడా ఉంది, దానితో టీవీ కూడా నడుస్తది. అయినా ఇంటి రిమోట్ ఫోన్ కాకూడదని నా గట్టి అభిప్రాయం. ఫోన్ చార్జింగ్‌లో ఉంటది, ఫోన్ మనిషితో బయటికి పోతది, సౌండ్ తగ్గించాల్సిన ఘడియకే కాల్ వస్తది. చూడకుండా వేలితో తడిమి ఒత్తేది రిమోట్. ఫోన్‌ని చూడక తప్పదు.

వైఫై ఐఆర్ బ్లాస్టర్లు (వైఫైలో మాట విని ఐఆర్ పంపేవి), బ్రాడ్‌లింక్ లాంటివి, పెట్టెలన్నీ చెక్క కబోర్డులో మూసిపెట్టుకున్నవాళ్లకు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలోనే కలుస్తయి, కొనేముందు రూటర్ చూసుకోండి. నాకు అవసరం పడలేదు.

లాజిటెక్ హార్మొనీ రిమోట్ గురించి అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నరు. "సినిమా చూడాలి" అని ఒక్క బటన్ ఒత్తితే టీవీ, రిసీవర్, ప్లేయర్ అన్నీ వరసగా లేచి సరైన ఇన్‌పుట్‌కి వచ్చేవి. ఏది ఆన్‌లో ఉంది, ఏది ఆఫ్‌లో ఉంది గుర్తుపెట్టుకునేది. తప్పు జరిగితే హెల్ప్ బటన్ ఉండేది. ఇంత బాగా ఆలోచించిన రిమోట్ ఇంకోటి రాలేదు. కానీ 2021 ఏప్రిల్‌లో వాటి తయారీ ఆపేసినట్టు కంపెనీ ప్రకటించింది. సెటప్ చేయాలంటే కంపెనీ సర్వర్ కావాలి. సెకండ్ హ్యాండ్‌లో ఇప్పుడు వేలు పెట్టి కొనమని నేను ఎవరికీ చెప్పను. ఆ లోటు పూడ్చడానికి సోఫాబాటన్ వచ్చింది, ఐఆర్‌తో పాటు బ్లూటూత్ కూడా ఉంది, ఫోన్ యాప్‌తో సెట్ చేసుకోవచ్చు. ఇంట్లో ఫైర్ స్టిక్ లాంటి బ్లూటూత్ పెట్టె తప్పనిసరి అయితే దాన్ని చూడొచ్చు. వారంటీ ఎవరిస్తరో, పాడైతే ఎక్కడికి పంపాలో అడిగి రాయించుకొని కొనండి.

టీవీ రిమోటే సరిపోతే

హెచ్‌డీఎంఐ తీగలో 13వ పిన్ను సీఈసీది. టీవీ రిమోట్ ఒత్తితే టీవీ ఆ మాటను ఆ పిన్ను మీద ప్లేయర్‌కి చేరవేస్తది. సెట్టింగుల్లో వెతికితే సీఈసీ అని కనపడదు, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, పానాసోనిక్‌లో వియెరా లింక్.

రాస్ప్‌బెర్రీ పై బోర్డులో ఇది పుట్టుకతోనే ఉంది. లిబ్రెలెక్ అనే, కోడి నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి తీగ పెడితే టీవీ రిమోట్ బాణాలు కోడిలో కదులుతయి. మా మేనబావ మిర్యాలగూడలో ఇట్లనే పెట్టుకున్నడు, ఒక్క రూపాయి రిమోట్ మీద ఖర్చు పెట్టలేదు. మామూలు పీసీ గ్రాఫిక్స్ కార్డులకు మాత్రం సీఈసీ ఉండదు. పీసీలో నడవాలంటే పల్స్ ఎయిట్ వాళ్ల యూఎస్‌బీ సీఈసీ అడాప్టర్ మధ్యలో పెట్టాలి. ఆ అడాప్టర్ ఖర్చు, తెప్పించుకునే తిప్పలు చూస్తే ఫ్లర్క్ దారే సులువు. పైగా టీవీ అన్ని బటన్లనూ ముందుకు పంపదు. బాణాలు, ఓకే, బ్యాక్ పోతయి, రంగు బటన్లు ఒక టీవీలో పోతయి, ఇంకోదాంట్లో పోవు.

సీఈసీ పూర్తిగా వద్దు అనట్లేదు. టీవీకి, రిసీవర్‌కి మధ్య పవర్ కోసం అది బంగారం. టీవీ ఆన్ చేస్తే రిసీవర్ లేస్తది, ఆఫ్ చేస్తే పడుకుంటది. మా ఇంట్లో సీఈసీకి ఇచ్చిన పని అదొక్కటే.

పెట్టె పేరు మీద కాదు, పని పేరు మీద

ఇగ అసలు సంగతి. మామూలు లెర్నింగ్ రిమోట్ మీద మూడు పెట్టెల బటన్లు ఉంటయి: టీవీ, ఎస్‌టీబీ (సెట్ టాప్ బాక్స్), ఆక్స్ (ఇంకేదైనా పెట్టె). అందరూ టీవీ బటన్ కింద టీవీ సిగ్నళ్లు, ఎస్‌టీబీ కింద బాక్స్ సిగ్నళ్లు నేర్పిస్తరు. అప్పుడు చానల్ మార్చాలంటే ఎస్‌టీబీ ఒత్తి మార్చాలి, సౌండ్‌కి ఆక్స్ ఒత్తి పెంచాలి, మళ్లీ చానల్‌కి ఎస్‌టీబీ. మూడు రిమోట్లను ఒక్క డబ్బాలో కుక్కినట్టే అయితది, తిప్పలు తగ్గవు.

ఏ బటన్ కింద ఏ పెట్టె సిగ్నల్ అయినా నేర్పించొచ్చు, ఎవరూ కాదనరు. మా ఎస్‌టీబీ బటన్ ఇప్పుడు "సీరియల్". దాని కింద అంకెలు, చానల్ బటన్లు కేబుల్ బాక్స్‌వి. సౌండ్, మ్యూట్ రిసీవర్‌వి. పవర్ టీవీది. ఆక్స్ బటన్ "సినిమా". దాని కింద బాణాలు, ఓకే, ప్లే అన్నీ ఆ పాత డీవీడీ రిమోట్‌వి, అంటే పీసీకి పోయేవి. సౌండ్ మళ్లీ రిసీవర్‌దే, పవర్ మళ్లీ టీవీదే. ఏ పనిలో ఉన్నా సౌండ్ బటన్ అదే చోట ఉంటది, అదే పని చేస్తది. మూడో బటన్ కింద టీవీ సొంత మెనూ పెట్టి, అమ్మకు దాని గురించి చెప్పనే లేదు.

మిగిలింది ఆ నీలం తెర. తీగలు మార్చి దాన్ని పోగొట్టిన. ఇంతకుముందు బాక్స్ టీవీకి, పీసీ రిసీవర్‌కి ఉండేవి. ఇప్పుడు రెండూ రిసీవర్‌కే పెట్టిన, రిసీవర్ నుంచి టీవీకి ఒక్కటే హెచ్‌డీఎంఐ. టీవీ ఇన్‌పుట్ ఎప్పుడూ మారదు, సోర్స్ బటన్ అమ్మ వేలికి అందే చోట లేనే లేదు. రిసీవర్ రిమోట్‌లో ఒక్కో ఇన్‌పుట్‌కి ఒక్కో బటన్ విడిగా ఉంటది. టీవీలో సోర్స్ ఒత్తిన కొద్దీ జాబితాలో కిందికి జరుగుతది, ఎక్కడ ఆగిందో చూసుకోవాలి. రిసీవర్‌లో అట్లా లేదు, ఎన్నిసార్లు ఒత్తినా అదే ఇన్‌పుట్. దీనికి మూల్యం కూడా ఉంది. సీరియల్ చూసినంతసేపు రిసీవర్ ఆన్‌లో ఉండాలి, ఎండాకాలం దాని మీద చెయ్యి పెడితే వేడి తెలుస్తది. పైన జానెడు ఖాళీ వదలండి, మీద బట్ట కప్పొద్దు.

పవర్‌ది కూడా ఇదే గొడవ. చాలా టీవీల్లో ఆన్‌కి, ఆఫ్‌కి ఒక్కటే సిగ్నల్. ఆన్‌లో ఉన్నదానికి పంపితే ఆగిపోతది. ఒక్క బటన్‌తో అన్నీ లేచేటట్టు మాక్రో (ఒక్క ఒత్తుకు వరసగా చాలా సిగ్నళ్లు పంపేది) పెట్టుకున్నరనుకోండి, కరెంటు పోయి వచ్చినప్పుడు ఒకటి లేచి ఒకటి పడుకొని ఉంటది. అప్పుడు బటన్ ఒత్తితే లేచింది పడుకుంటది, పడుకున్నది లేస్తది. మన దగ్గర ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే రెండు మూడు సార్లు కరెంటు వచ్చిపోతది. అందుకే మాక్రోలు వద్దంటున్న. ఆన్‌కి వేరే, ఆఫ్‌కి వేరే సిగ్నల్ ఉన్న పెట్టెలకైతే మాక్రో నమ్మకంగా నడుస్తది. ఆ విడి సిగ్నళ్లు కొన్నిసార్లు కంపెనీ రిమోట్ మీద బటన్‌గా ఉండవు, సోఫాబాటన్ లాంటి వాటి సిగ్నళ్ల లైబ్రరీలో మాత్రం ఉంటయి. బటన్ లేని సిగ్నల్‌ని లెర్నింగ్ రిమోట్ ఎట్లా నేర్చుకుంటది? అది దాని హద్దు.

నేర్పించే రోజు

ఇది కూర్చొని గంట చేసే పని. రెండు రిమోట్లకూ కొత్త సెల్లు వేయండి, అరిగిన సెల్లుతో పంపిన సిగ్నల్‌ని తప్పుగా నేర్చుకుంటది. నేల మీద రెండింటినీ ముఖాముఖి పెట్టి, మధ్యలో రెండు వేళ్ల సందు వదలండి. ఎండ పడే కిటికీ పక్కన, ట్యూబ్‌లైట్ కింద వద్దు. మా హాలు పడమటి ముఖం, సాయంత్రం నాలుగింటికి ఎండ నేరుగా టీవీ మీద పడతది. ఆ సమయంలో టీవీ కూడా రిమోట్ మాట సరిగ్గా వినదు, పరదా వేస్తే వింటది. సూర్యుడి వెలుగులో కూడా ఐఆర్ ఉంటది, అది సెన్సర్‌ని కమ్మేస్తది.

ప్రతి బటన్ నేర్పించిన వెంటనే పెట్టె మీద పరీక్షించండి. సౌండ్ బటన్ ఒత్తి పట్టుకుంటే ఆగకుండా పెరగాలి. ఒక్క మెట్టు పెరిగి ఆగిపోతే పాత రిమోట్‌ని ఈసారి కొంచెంసేపు ఒత్తి పట్టుకొని మళ్లీ నేర్పించండి.

ఒక విచిత్రమైన తిప్పలు మా అక్క ఇంట్లో ఎదురైంది. 114 చానల్ ఒత్తితే 14 వస్తది. 220 ఒత్తితే 20. అంకెలు విడివిడిగా ఒత్తితే అన్నీ బాగనే ఉన్నయి. తల పట్టుకున్న. తర్వాత అర్థమైంది, ఆ బాక్స్ ఆర్‌సీ5 అనే పద్ధతి కుటుంబం సిగ్నళ్లు వాడుతది. అందులో ప్రతిసారి బటన్ ఒత్తినప్పుడు ఒక బిట్ అటూ ఇటూ మారుతది. అది మారితే "మళ్లీ ఒత్తిండు" అని, మారకపోతే "ఇంకా ఒత్తి పట్టుకున్నడు" అని బాక్స్ లెక్క వేసుకుంటది. లెర్నింగ్ రిమోట్ ఒక్కసారి చూసిన సిగ్నల్‌నే ఎప్పుడూ పంపుతది, బిట్ మారదు. అందుకే వెంటవెంటనే వచ్చిన రెండు ఒకట్లు బాక్స్‌కి ఒక్కటిగా వినపడ్డయి. కొనేముందు మీ బాక్స్‌కి ఈ జబ్బు ఉందా లేదా తెలుసుకోవడం కష్టం, కాబట్టి వాపస్ తీసుకునే చోట కొనండి. ఉంటే, అంకెలు కాకుండా బాక్స్‌లో ఫేవరెట్ జాబితా పెట్టుకొని పైకి కిందికి జరపడం ఒక ఉపాయం. అది కూడా ఇబ్బంది అనిపిస్తే ఆ సిగ్నళ్లు సొంతంగా తెలిసిన లైబ్రరీ రిమోటే దారి.

పీసీని లేపడం

రిమోట్‌తో అన్నీ లేచి పీసీ లేవకపోతే మళ్లీ మనిషి వంగి బటన్ ఒత్తాలి. స్లీప్‌లో ఉన్న పీసీని ఫ్లర్క్ లేపుతది, కానీ పీసీ ఒప్పుకోవాలి. బయోస్‌లో (పీసీ లేచేటప్పుడే తెరిచే సెట్టింగుల పేజీలో) ఈఆర్‌పీ అనే సెట్టింగ్ ఉంటే ఆఫ్ చేయండి, అది ఆన్‌లో ఉంటే కొన్ని మదర్‌బోర్డుల్లో యూఎస్‌బీ నుంచి పీసీ లేవదు. విండోస్ డివైస్ మేనేజర్‌లో ఆ ఫ్లర్క్ కీబోర్డు పవర్ మేనేజ్‌మెంట్ పేజీకి పోయి, కంప్యూటర్‌ని లేపే అనుమతికి టిక్ పెట్టండి. పూర్తిగా షట్‌డౌన్ అయిన పీసీని లేపడం మాత్రం మదర్‌బోర్డుని బట్టి ఉంటది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు, స్లీప్‌కే అలవాటు చేయండి. కరెంటు పోయి వస్తే పీసీ తనంత తాను లేవడానికి బయోస్‌లో ఏసీ పవర్ లాస్ తర్వాత ఆన్ కావాలని పెట్టుకోండి. ఈ ఒక్క సెట్టింగ్ నన్ను పాలమూరు నుంచి ఎన్నోసార్లు కాపాడింది.

మౌస్ ఉన్న చిన్న కీబోర్డు ఒకటి సొరుగులో ఉంచండి. విండోస్ అప్‌డేట్ అడ్డమొచ్చి ఏదో అడిగినప్పుడు ఏ రిమోట్ పనికిరాదు.

బొట్టు బిళ్లలు

అన్నీ అయినంక కూడా అమ్మ ఎస్‌టీబీ, ఆక్స్ అక్షరాలు చదవలేదు. ఆమెనే ఒక ఉపాయం చెప్పింది. అద్దం మీద అంటించిన బొట్టు బిళ్లల్లోంచి ఒక ఎర్రది తీసి ఎస్‌టీబీ బటన్ మీద పెట్టింది, ఇంకో ఆకుపచ్చది ఆక్స్ మీద. మధ్యలో రాయి ఉన్న బిళ్లలు, చీకట్లో వేలికి తగులుతయి. "ఎర్రది ఒత్తితే సీరియల్, పచ్చది ఒత్తితే కోడి" అని ఆమెనే నాయినకు నేర్పింది. రిసీవర్ ఇన్‌పుట్ మార్చే రెండు బటన్లకు కూడా అవే రంగులు. ఎర్ర మోడ్ ఒత్తి ఎర్ర ఇన్‌పుట్, పచ్చ మోడ్ ఒత్తి పచ్చ ఇన్‌పుట్. రెండు ఒత్తులు. నేను మాక్రోతో ఒక్క ఒత్తుకు తేవాలని చూస్తే "రెండైతే ఏమైతది, గిది మంచిగుంది" అన్నది. నిజంగనే మంచిగుంది.

బిళ్ల జిగురు నెలకోసారి వదులుతది, అప్పుడు కొత్తది పెడతది. పాత రిమోట్లు మూడింటినీ సెల్లు తీసి పాలిథిన్ కవర్లో చుట్టి, ఏ బటన్ కింద ఏ సిగ్నల్ నేర్పించిన్నో రాసిన కాగితంతో పాటు టీవీ కింది సొరుగులో పెట్టిన. లెర్నింగ్ రిమోట్ కిందపడి పగిలితే మళ్లీ నేర్పించడానికి అవి కావాలి. ఫ్లర్క్ సెట్టింగుల ఫైల్ కూడా పీసీలో, పెన్ డ్రైవ్‌లో దాచిన.